అత్తయ్యగారి పసర్లు, మావయ్యగారి మాత్రలు

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అత్తయ్యగారికి మొక్కల వైద్యం బాగా తెలుసు. దగ్గొచ్చినా, దద్దుర్లొచ్చినా వీధిలోవాళ్ళు ముందు మా ఇంటికే వస్తారు. ఆవిడంటే నాకూ గౌరవమే. కానీ ఈమధ్య ఇంట్లో జరుగుతున్నవి చూస్తే టెన్షన్‌గా ఉంది. మావయ్యగారికి పన్నెండేళ్ళుగా షుగరు, బీపీ. ఎవరో చెప్పారని పొడపత్రి పొడి మొదలుపెట్టి, షుగరు మాత్రలు ఒకరోజు వేసుకుంటారు, ఒకరోజు మానేస్తారు. రోజూ పొద్దున్నే ఏదో కషాయం పొడి కూడా తాగుతున్నారు. అత్తయ్యగారు తీర్థంలో కొన్న మోకాళ్ళ నొప్పుల చూర్ణం రెండు నెలలుగా వాడుతున్నారు. మూడో రోజుకే నొప్పి పోయిందట. కిందటేడాది మా మరిదికి కామెర్లొస్తే పసరు మందుతో తగ్గింది. అప్పట్నించి మా ఇంట్లో ఇంగ్లీషు మందంటే చులకన. ఇప్పుడు మా నాలుగు నెలల బాబుకి రోజూ వస కొమ్ము అరగదీసి నాకిస్తున్నారు. నేను డిగ్రీలో బోటనీ చదివాను కానీ ఏది మంచిదో, ఏది కాదో తేల్చుకోలేకపోతున్నాను. గొడవ పడకుండా ఏం చెయ్యమంటారు? – ఒక కోడలు, కోనసీమ

సమాధానం:

అమ్మా, మీరు రాసిన నాలుగు సంగతుల్లో అన్నీ ఒకే తొందరవి కావు. బాబుకి వస కొమ్ము ఇవాళ్టి నుంచే ఆపాలి. మావయ్యగారి మాత్రలు, అత్తయ్యగారి చూర్ణం ఈ వారంలోనే తేల్చాలి. మీ మరిది కామెర్లు అయిపోయిన కథే. కానీ మిగతా మూడింటికీ ధైర్యం అక్కణ్ణుంచే వచ్చింది కాబట్టి దాని సంగతీ మాట్లాడుకోవాలి.

నేను చాలాకాలం ఫార్మసీ పిల్లలకి మొక్కల మందుల పాఠం చెప్పినవాణ్ణి. అందుకని ‘ఆకులూ అలములూ ఏం చేస్తాయిలే’ అనే మాట నా నోట రాదు. చేస్తాయి. మీ అత్తయ్యగారు దగ్గుకి అడ్డసరం ఆకు కషాయం ఇచ్చే ఉంటారు. ఆ ఆకులో ఉండే వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారుచేశారు. కఫాన్ని పల్చబరిచే ఆంబ్రాక్సాల్ దానికి దగ్గర చుట్టమే. మీ ఇంట్లో దగ్గు సిరప్పు సీసా ఉంటే లేబుల్ చూడండి, ఈ రెండిట్లో ఒకటి కనబడే అవకాశం చాలా ఉంది. సర్పగంధ వేరు బీపీని తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఇంగ్లండు వైద్య పత్రికలో రాశాక ప్రపంచమంతా దాని వెంట పడింది. 1952లో అందులోంచి రెసర్పిన్‌ను విడదీశారు. ఆ మందు బీపీని నిజంగానే తగ్గించింది. వాడినవాళ్ళలో కొందరికి మనసు కుంగిపోవడం కూడా అంత నిజంగానే కనిపించింది. పనిచేసే ప్రతి మందుకీ ఇలా రెండో వైపు ఉంటుంది. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన ఆ రెండో వైపు లేకుండా పోదు.

ఇక మావయ్యగారు. ఆయన పక్కన పెట్టిన మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఉండే ఉంటుంది, షుగరున్న ఇళ్ళల్లో అది లేని డబ్బా అరుదు. దాని వంశం ఆయనకి చెప్పండి. ఐరోపాలో గలేగా అనే చిక్కుడు జాతి మొక్కని పాతకాలంలో అతిమూత్రానికి వాడేవాళ్ళు. అందులోని పదార్థం షుగరు తగ్గిస్తుంది కానీ ఒంటికి విషం. ఆ అణువుని మార్చి మార్చి, విషం తగ్గించి, గుణం ఉంచుకుంటూ వచ్చిన దారిలో 1922లో మెట్‌ఫార్మిన్ తయారైంది. 1957లో ఫ్రాన్సులో దాన్ని షుగరు రోగులకి వాడిన ఫలితాలు ప్రకటించారు. అంటే ఆయన మొక్క మందు వదిలి మాత్రకి పోలేదు, మొక్క నుంచి పుట్టిన మందుని వదిలి ఇంకో మొక్కకి వెళ్ళారు. ఆ మొదటిదానికి మోతాదు తెలుసు. రెండోదానికి తెలియదు.

పొడపత్రి ఉత్త మాట కాదు. పచ్చి ఆకు నమిలి, ఆ తర్వాత పంచదార నోట్లో వేసుకుంటే ఇసక నమిలినట్టే ఉంటుంది. అందులోని జిమ్నిమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోట్లని కాసేపు మూసేస్తాయి. రక్తంలో చక్కెర కొంత తగ్గుతుందని చిన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి. అయితే మాత్రల బదులు దీన్నే నమ్ముకోవచ్చని చెప్పగలిగిన పెద్ద పరిశోధన లేదు. మావయ్యగారి విషయంలో ప్రమాదం రెండు వైపులా ఉంది. మాత్ర మానేసిన రోజు షుగరు పెరుగుతుంది, నొప్పీ బాధా లేకుండా కళ్ళనీ కిడ్నీల్నీ తింటుంది. మాత్రా పొడీ రెండూ పడిన రోజు, అందులోనూ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర ఉండి, పూజ ఉందనో పనుందనో టిఫిను ఆలస్యమైతే, షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, పొంతన లేని మాటలు – ఇవి కనబడితే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి. 70 కంటే తగ్గితే లో షుగరు కిందే లెక్క.

ఈ వారం చెయ్యాల్సింది ఇదీ. డాక్టరు రాసిన మాత్రలు రాసినట్టే వేసుకోవాలి, పొడపత్రి పొడి ఆపాలి. హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. అది దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది, ఒక్కరోజు పత్యంతో దాన్ని ఏమార్చలేరు. ఆ అంకె పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి, పొడపత్రి వాడిన సంగతి దాచకుండా చెప్పండి. ఆ తర్వాత కూడా ఆయనకి మొక్క మీద మనసుంటే మెంతులు ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో మెంతుల మీద చాలా పని జరిగింది. వాటిలోని జిగురు పీచు, తిన్న పిండిపదార్థం రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. రాత్రి నానేసిన మెంతులు ఒక చెంచా, భోజనంలో కాకరకాయ కూర, తెల్లన్నం కొంచెం తగ్గింపు. డెల్టాలో పుట్టినవాడికి ఆఖరిది కష్టమే, నాకు తెలుసు. కానీ పొడపత్రి చేస్తుందనుకున్న పనిలో ఎక్కువ భాగం అన్నం గిన్నె దగ్గరే జరుగుతుంది. ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ మీద ఉంటే మాత్రం ఈ ప్రయోగాల జోలికే పోకూడదు, ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఆయన కషాయం పొడి ప్యాకెట్టు తిప్పి చూడండి. అతిమధురం ఉందా? దగ్గుకి నాలుగు రోజులు ఫరవాలేదు. బీపీ ఉన్నవాళ్ళు రోజూ తాగితే అది ఒంట్లో ఉప్పూ నీరూ పట్టి ఉంచుతుంది, పొటాషియంని పోగొడుతుంది, బీపీ పెంచుతుంది. మాత్ర వేసుకున్నా బీపీ దిగడం లేదని మందు పెంచుకుంటూ పోయే ఇళ్ళలో ఈ పొద్దుటి కషాయం సంగతి అడిగేవాళ్ళు తక్కువ.

అత్తయ్యగారి చూర్ణం నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. మోకాలి అరుగుదలకి ఏ వేరూ, ఏ ఆకూ మూడు రోజుల్లో నొప్పి పోగొట్టదు. అంత తొందరగా పోగొట్టేవి రెండే. ఒకటి స్టెరాయిడ్, ఇంకొకటి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర. పేరూ ఊరూ లేని చూర్ణాల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్లు నూరి కలపడం మన దేశంలో కొత్త సంగతేం కాదు. కీళ్ళనొప్పులు, ఆయాసం, ఈ రెండిటి పేరు మీదే ఈ మోసం ఎక్కువ. ఆవిడ ముఖం గుండ్రంగా ఉబ్బిందా? ఆకలి పెరిగిందా? కొంచెం తగిలితేనే చర్మం కమిలిపోతోందా? కడుపులో మంట ఉందా? ఇవి కనబడకపోయినా సరే, అనుమానం అనుమానమే.

ఇక్కడ ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి. భయపడి ఆ చూర్ణాన్ని మీరు చెత్తకుప్పలో వెయ్యొద్దు. రెండు నెలలు స్టెరాయిడ్ పడితే ఒంట్లో సొంతంగా దాన్ని తయారుచేసే గ్రంథులు నిద్రపోతాయి. ఉన్నట్టుండి ఆపేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి స్పృహ తప్పడం. డాక్టరు దగ్గరికి పొట్లంతో సహా తీసుకెళ్ళండి. ‘ఇది రెండు నెలలుగా రోజూ వాడుతున్నారు, ఇందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానం’ అని ఆ మాటే అనండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో ఆయన చెబుతారు. షుగరు, బీపీ, కిడ్నీ పరీక్షలు చేయించమంటారు, చేయించండి. ఆవిడ నొచ్చుకోకుండా ఉండాలంటే ఒక దారుంది. ఇది ఆవిడ వైద్యం కాదు కదా, ఎవడో సంచిలో తెచ్చి అమ్మింది. ‘మీ చేత్తో కోసి నూరింది కాదు కదండీ అత్తయ్యగారూ, వాడేం కలిపాడో మనకేం తెలుసు’ అంటే ఆవిడ వైద్యం తెలిసిన మనిషి కాబట్టి మీకంటే ముందు ఆవిడకే కోపం వస్తుంది.

మోకాళ్ళకి ఆవిడ దగ్గర ఉన్న అసలు మందు వావిలాకు. బాలింతలకి స్నానం నీళ్ళలో వేసి కాచే ఆకే. ఆ వేడినీళ్ళతో కాపడం పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, ఏ హానీ లేదు. ఆముదం రాసి జిల్లేడాకు వెచ్చచేసి కట్టడమూ సరే, జిల్లేడు పాలు మాత్రం కంట్లో పడకూడదు, కంటిపొర దెబ్బతింటుంది. వీటితో పాటు కుర్చీలో కూర్చుని కాలు చాపి పైకెత్తి పట్టుకునే వ్యాయామం రోజూ చెయ్యాలి. తొడ కండ గట్టిపడితేనే మోకాలికి బరువు తగ్గుతుంది. కత్తిపీట ముందు నేల మీద కూర్చోవడం మాన్పించి కూరలు బల్ల మీద తరగమనండి. దీనికి మాత్రం ఒప్పుకోకపోవచ్చు.

కామెర్ల సంగతికి వద్దాం. మనవైపు కామెర్లలో ఎక్కువ భాగం కలుషితమైన నీళ్ళతో, తిండితో వచ్చేవి. హెపటైటిస్ ఏ, ఈ అనే వైరస్‌లు. ఎండాకాలంలో కాలవలు కట్టేసి చెరువుల్లో నిలవ నీళ్ళు తాగే రోజుల్లో, వరదల తర్వాత వీటికి భయపడాలి. ఈ రెండూ చాలామందిలో నెలా నెలన్నరలో వాటంతటవే తగ్గుతాయి. ఇప్పుడు పసరు ఎప్పుడు పోస్తారో ఆలోచించండి. కళ్ళు బాగా పచ్చబడ్డాక, అంటే జబ్బు శిఖరానికి చేరిన రోజుల్లో. ఆ తర్వాత అది దిగాల్సిందే. పసరు తాగినా దిగుతుంది, తాగకపోయినా దిగుతుంది, పేరు మాత్రం పసరుకి. నేల ఉసిరికి కాలేయం మందుగా పాత పేరుంది, 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బీ మీద అది పనిచేసిందని ప్రకటిస్తే పెద్ద ఆశే పుట్టింది. తర్వాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. చిన్న కిడ్నీ రాళ్ళకీ, కొండపిండి ఆకుకీ ఉన్న సంబంధం కూడా ఇలాంటిదే. అయిదు మిల్లీమీటర్ల లోపు రాళ్ళు చాలావరకు నీళ్ళు బాగా తాగితే వాటంతటవే పడిపోతాయి. కొండపిండి పప్పు మాత్రం రుచిగా ఉంటుంది, వండుకోండి.

మీ మరిదికి తగ్గింది, సంతోషం. నా భయం ఆయన గురించి కాదు, ఆయన్ని చూసి పసరుకి వెళ్ళే తర్వాతి మనిషి గురించి. కళ్ళు పచ్చబడటం ఒక జబ్బు కాదు, చాలా జబ్బులకి అది గుర్తు. చేలల్లో, రొయ్యల చెరువుల్లో మోకాలి లోతు నీళ్ళలో పనిచేసేవాళ్ళకి ఎలకల మూత్రం కలిసిన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడటం, ఆపైన కామెర్లు. దానికి మొదట్లోనే మామూలు యాంటీబయాటిక్ ఇస్తే సరిపోతుంది. పసరు తాగి వారం కూర్చుంటే కిడ్నీలు పోతాయి. పిత్తాశయంలో రాయి జారి దారికి అడ్డుపడినా కామెర్లే, తెల్లటి విరేచనం, ఒళ్ళంతా దురద దాని గుర్తులు. యాభై దాటినవాళ్ళకి నొప్పి లేకుండా కామెర్లొచ్చి మనిషి చిక్కిపోతుంటే క్లోమగ్రంథి క్యాన్సర్ కావచ్చు. గర్భిణికి, అందులోనూ చివరి మూడు నెలల్లో, హెపటైటిస్ ఈ వస్తే తల్లి ప్రాణానికే ముప్పు. ఏ మందు అని అడిగే ముందు ఏ జబ్బు అని తేలాలి. కామెర్లంటే ముందు రక్తపరీక్ష, స్కానింగు. ఏ రకమో తెలిశాక, తనంతట తాను తగ్గేదే అయితే, డాక్టరుకి చెప్పి నేల ఉసిరి చారెడు మజ్జిగలో వేసుకుంటానంటే నేను పోట్లాడను. కంట్లో పసరు వెయ్యడం, ముక్కులో పొయ్యడం, చేతికి వాతలు పెట్టడం మాత్రం ఏ రకానికీ పనికిరావు. నూనె చుక్క లేని చప్పిడి పత్యం కూడా అక్కర్లేదు, మనిషి నీరసించిపోతాడంతే. బండి మీద చెరుకురసం మాత్రం వద్దు, ఐసు ఏ నీళ్ళతో చేశారో తెలియదు. జబ్బు వచ్చిందే నీళ్ళతో కదా.

బాబు. వస పోస్తే తొందరగా మాటలొస్తాయన్న నమ్మకం ఎంత పాతదంటే, గలగలా మాట్లాడేవాళ్ళని వసపిట్ట అనడం మనకి అలవాటైపోయింది. వస దుంపలో బీటా ఆసరోన్ అనే నూనె పదార్థం ఉంది. జంతువుల మీద పరీక్షల్లో అది క్యాన్సర్ కలిగించింది. అమెరికాలో 1968లోనే వసని తిండిలో వాడకూడదని నిషేధించారు. నాలుగు నెలల బిడ్డకి ఎంత పడుతోందో ఎవరికీ తెలియదు, సాన ఎంత శుభ్రమో తెలియదు. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకి తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఉగ్గుగిన్నెతో ఆముదం పొయ్యడం ఇంకా ప్రమాదం. ఏడుస్తున్న పిల్లాడి గొంతులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే న్యుమోనియా తొందరగా తగ్గదు. ఏడాది లోపు తేనె నాకించకూడదు. ఇక్కడ రాజీ వద్దు, డాక్టరు గట్టిగా వద్దన్నారని చెప్పి ఆపేయండి. అవసరమైతే టీకాలకి వెళ్ళినప్పుడు అత్తయ్యగారిని కూడా తీసుకెళ్ళి, ఆ మాట వాళ్ళ నోటితోనే చెప్పించండి. నూనె రాసి నలుగు పెట్టి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పొయ్యడం ఆవిడకి వదిలేయండి. ఆ పని ఆవిడ చేసినంత బాగా మీకు రాదు. సాంబ్రాణి పొగ మాత్రం బిడ్డ ముక్కుకి దూరంగా.

మీరు పాలిచ్చే తల్లి కదా, కాయం పెడుతున్నారేమో. శొంఠి, వాము, పిప్పళ్ళు, బెల్లం కలిసిన చిన్న ఉండకి అభ్యంతరం లేదు. దానితోపాటు నీళ్ళు తక్కువ తాగమంటే మాత్రం వినకండి. ఐరన్ మాత్రలూ మానకండి.

ఇన్ని వద్దులు చెప్పాను కాబట్టి ఆవిడ చేతిలో నిజంగా మంచివేమున్నాయో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. జలుబుకి మిరియాల పాలు, గొంతు గరగరకి బుగ్గన కరక్కాయ ముక్క, పొట్ట ఉబ్బరానికి వాము. వాములో ఉండే థైమాల్‌ని నోరు పుక్కిలించే మందుల్లో ఇప్పటికీ వాడుతున్నారు. వికారానికి అల్లం, ప్రయాణంలోనూ గర్భిణులకీ మితంగా పనిచేస్తుందని పరిశోధనలే చెబుతున్నాయి. వేసంకాలం నోటిపూతకి సబ్జా నీళ్ళు, మజ్జిగ. పొన్నగంటి, అటికమామిడి, మునగాకు – ఇవి మందులనుకోకుండా కూరలనుకుని వండితేనే ఎక్కువ మేలు. గుంటగలగర నూనె తలకి రాస్తే ఎవరికీ నష్టం లేదు, ఊడిన జుట్టంతా తిరిగొస్తుందని మాత్రం ఆశపడకండి. పసుపు కూరలో వేసినంత మంచిది, గొట్టాల్లో నింపి అమ్మే గాఢమైన పసుపు సారం వేరు. గుండెకి స్టెంటు వేయించుకుని రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళు దాన్నీ, వెల్లుల్లి గొట్టాల్నీ డాక్టరుని అడక్కుండా ముట్టకూడదు. ఆపరేషనుకి వెళ్ళేటప్పుడు వాడుతున్న కషాయాలన్నీ మత్తు డాక్టరుకి చెప్పాలి. తిప్పతీగతో కూడా జాగ్రత్త. కరోనా రోజుల్లో దాన్ని పూటపూటా తాగినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై డాక్టర్లు రాశారు. అది అసలు తిప్పతీగ కాదు, దాన్ని పోలిన ఇంకో తీగ అయ్యుండొచ్చని ఆయుష్ శాఖ అంది. ఎవరి మాట నిజమైనా, ఎడాపెడా తాగొద్దనే తేలుతోంది.

మీ ఊరి గట్ల గురించి ఒకటి. సరస్వతి ఆకు, గుంటగలగర తడిగట్ల మీద బాగా వస్తాయి. అదే గట్టు మీద గడ్డిమందు కొడతారు, చేలో పురుగుమందు కొడతారు, పక్కనే మురుగు కాలవలోకి చెరువుల నీళ్ళు వదులుతారు. పాతకాలంలో ఆ ఆకు కోసుకొచ్చి నూరితే సరిపోయేది, ఇప్పుడు సరిపోదు. కావలసినవి పెరట్లో కుండీల్లో పెంచండి. బోటనీ చదివిన కోడలు ఈ పనికి అత్తగారికి సాయం చేస్తే ఇద్దరికీ మాటలు కలుస్తాయి. కొనాల్సి వస్తే గిరిజన సహకార సంస్థ డిపోల్లో తేనె, కరక్కాయ లాంటివి దొరుకుతాయి. తయారైన మందు కొంటే లేబుల్ మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తేదీ, దినుసుల పేర్లు ఉండాలి. భస్మాల జోలికి సొంతంగా పోవద్దు. 2004లో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. షుగరు పూర్తిగా నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. కాబట్టి అలాంటి మాట రాసిన డబ్బా కనబడితే దినుసులు చదవక్కర్లేదు, అక్కడే పెట్టేసి రండి. ఆయుర్వేదమే కావాలనుకుంటే చదువుకున్న బీఏఎంఎస్ వైద్యుల దగ్గరికి వెళ్ళండి. విజయవాడలో నోరి రామశాస్త్రి పేరు మీద ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలే ఉంది.

పాముకాటుకి మాత్రం ఏ వేరూ లేదు. మీరు అడగలేదు కానీ వరిచేల మధ్య ఉంటున్నారు కాబట్టి చెబుతున్నాను. మనవాళ్ళు నల్ల ఈశ్వరి వేరు నూరి ఇస్తారు. విషానికి అది విరుగుడు కాదు సరికదా, అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం కిడ్నీల్ని పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్ళు తగ్గే మందుల్లో ఈ జాతి మొక్క పడి ఎంతోమంది ఆడవాళ్ళ కిడ్నీలు పోయాయి. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. కట్టు బిగించకుండా, కొయ్యకుండా, కాలు కదలకుండా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాలి, విరుగుడు ఇంజెక్షను అక్కడ ఉంటుంది. వినాయక చవితికి పూజచేసే ఇరవయ్యొక్క పత్రుల్లో ఉమ్మెత్త ఉంది, గన్నేరు ఉంది, జిల్లేడు ఉంది. దేవుడికి పెట్టిన ఆకు కదా అని మనుషులకి నూరిపోస్తే ఈ మూడూ ప్రాణాలు తీసేవే.

గొడవ లేకుండా ఎలా అన్నారు. మావయ్యగారికి ఒక గ్లూకోమీటరు కొని, రోజూ చూసి రాసే బాధ్యత అత్తయ్యగారికే అప్పగించండి. మాత్ర వేసుకున్న రోజు అంకె, వేసుకోని రోజు అంకె ఆవిడ చేత్తో రాసుకున్నాక మీరు వాదించాల్సిన పని ఉండదు. అదే పుస్తకంలో ఆవిడ ఇచ్చే మందుల లెక్క కూడా మొదలుపెట్టండి. మొక్క పేరు ఆవిడ చెబితే దాని శాస్త్రీయ నామం మీరు రాయండి. ఎవరికి, దేనికి, ఎంత ఇచ్చారో పక్కన రాయండి. ఆ మనిషి వేరే ఏ మాత్రలు వాడుతున్నాడో, ఎన్ని రోజులుగా జబ్బుగా ఉందో ఇంకో గడిలో రాయండి. గర్భిణి అయితే, అయిదేళ్ళలోపు పిల్లలైతే, జ్వరం మూడు రోజులు దాటితే, కళ్ళు పచ్చబడితే మందు లేదు, ఆసుపత్రే. వీధిలో వాళ్ళకీ ఇదే రూలని ఆవిడ నోటితోనే చెప్పించండి. మీరు చెబితే కోడలి పెత్తనం అంటారు, ఆవిడ చెబితే వింటారు.